నేర్చుకున్న కుక్కపిల్ల మళ్లీ ఇంట్లో పోస్తుంటే

మియాపూర్ నుంచి అడిగిన అమ్మాయికి ఈ జవాబు. ప్రశ్న చదవనివాళ్ల కోసం ముందు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆడ లాబ్రడార్ పిల్ల, పేరు లడ్డూ. 50 రోజులప్పుడు తెచ్చుకున్నారు, ఇప్పుడు దానికి మూడు నెలల పన్నెండు రోజులు. ఐదో అంతస్తులో ఫ్లాట్. మొదటి రెండు వారాలు అవస్థపడ్డారు, ఆ తర్వాత నాలుగు వారాలు ఇంట్లో చుక్క పడలేదు. పది రోజులుగా మళ్లీ మొదటికొచ్చింది. హాల్లో డోర్‌మ్యాట్ మీద, సోఫా వెనక, ఒకసారి పరుపు మీద, మొన్న ఏకంగా పూజగది గడప దగ్గర. కింద ఇరవై నిమిషాలు తిప్పినా పోయదు, పైకొచ్చి చెప్పులు విప్పేలోపు హాల్లో పోసేస్తుంది. మీవారు దాని ముక్కు పట్టుకుని అందులో రాస్తున్నారు. మీ అత్తగారు ఎవరికైనా ఇచ్చేయమంటున్నారు. "నేర్చుకున్నది ఎలా మర్చిపోయిందండీ, కావాలనే చేస్తోందా?" అని అడిగారు.

నేను మల్కాజిగిరిలో ఉంటాను. మా ఇంట్లో కుక్క లేని రోజు లేక ముప్పై ఏళ్లవుతోంది. పన్నెండేళ్లుగా రోడ్డు మీద దొరికిన కుక్కపిల్లల్ని తెచ్చి, టీకాలు వేయించి, కాస్త పద్ధతి నేర్పి ఇళ్లకు ఇస్తున్నాను. డాక్టర్ని కాను. తుడిచిన అనుభవం మాత్రం చాలా ఉంది.

లడ్డూ ఏమీ మర్చిపోలేదమ్మా. ఆ నాలుగు వారాలూ పద్ధతి నేర్చుకున్నది మీరు. అది నిద్ర లేవగానే ఎత్తుకెళ్లారు, తిన్నాక తీసుకెళ్లారు, ఆడి అలిసిపోగానే తీసుకెళ్లారు, గంటన్నర దాటనివ్వలేదు. ఇక ఇంట్లో పోసే సందు దానికెక్కడ దొరికింది? మీ ప్రశ్న మధ్యలో ఒక్క ముక్క రాసి వదిలేశారు చూడండి, "ఒకటో తారీఖు నుంచి నాకు ఆఫీసు మొదలైంది" అని. ఇబ్బంది మొదలైంది కూడా పది రోజుల కిందటే. ఇప్పుడు ఉదయం ఎనిమిదిన్నరకు మీరిద్దరూ వెళ్లిపోతున్నారు, మధ్యాహ్నం ఒంటిగంటకు పనమ్మాయి వచ్చి కిందికి తీసుకెళుతోంది. నాలుగున్నర గంటలు. వయసు ఎన్ని నెలలో దానికి ఒకటి కలిపితే వచ్చినన్ని గంటలు ఆపుకోగలదని ఒక లెక్క చెబుతారు. ఆ లెక్కన లడ్డూకి నాలుగు, నాలుగున్నర గంటలు. కానీ అది పడుకుని ఉన్నప్పటి మాట, అదీ గరిష్ఠం. మేలుకుని, నీళ్లు తాగి, బంతితో పరుగెడుతున్న పిల్లకు గంట కూడా ఎక్కువే. నిండితే పోస్తుంది. కావాలని, కక్షతో, మీరు ఆఫీసుకెళ్లారన్న కోపంతో చేయడం దాని బుర్రకు అందే పని కాదు.

సరే, ఇదంతా నా ఊహ. ఊహ మీద ఆధారపడి పద్ధతులు మార్చేముందు ఒకసారి డాక్టరుకు చూపించండి. బాగా ఉన్న పిల్ల హఠాత్తుగా మొదలుపెడితే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూడటం మొదటి పని. ఆడపిల్లలకు అది మగవాటికంటే ఎక్కువగా వస్తుంది. అరగంటలో మూడు నాలుగుసార్లు కూర్చుని రెండేసి చుక్కలు పోస్తోందా? కూర్చున్నాక ముక్కుతోందా? ఆ భాగాన్ని అదే పనిగా నాకుతోందా? రంగులో ఎరుపు ఉందా? వాసన మారిందా? వీటిలో ఒక్కటి ఉన్నా రేపే వెళ్లండి. ఇంకోటి, పడుకుని లేచిన చోట తడి ఉంటోందా చూడండి. తనకే తెలియకుండా నిద్రలో కారుతుంటే అది అలవాటుకు సంబంధించింది కాదు. కిడ్నీ నుంచి వచ్చే నాళం మూత్రసంచిలో కలవాల్సిన చోట కాకుండా దాన్ని దాటి కలిసే లోపం కొన్ని పిల్లలకు పుట్టుకతో ఉంటుంది. ఆడవాటిలో ఎక్కువ, లాబ్రడార్లలోనూ కనిపిస్తుంది. మీది నాలుగు వారాలు పొడిగా ఉంది కాబట్టి అది అయ్యుండకపోవచ్చు, అయినా డాక్టరు అడిగితే చెప్పడానికి పక్కబట్ట గమనించి ఉంచుకోండి. నీళ్లు కూడా ఒకరోజు కొలిచి పోయండి. కిలో బరువుకు 100 మిల్లీలీటర్లు దాటి తాగుతుంటే ఆ మాట కూడా చెప్పండి.

శాంపిల్ తీసుకెళితే మీకు ఒక తిరుగుడు తప్పుతుంది. ఎలా పట్టాలో ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. పొడుగు కాడ ఉన్న పాత గరిటె ఒకటి తీసుకోండి, సాంబారు గరిటె లాంటిది. వేడినీళ్లతో కడిగి బాగా ఆరబెట్టండి. పొద్దున లేవగానే పోసే మొదటిది కావాలి. గరిటె చేతిలో పట్టుకుని దాని ముందు నిలబడకండి, ఆట వస్తువనుకుని పీకుతుంది. వెనక నడవండి. ఆడపిల్ల నేలకు ఆనేలా కూర్చుంటుంది, అందుకే గిన్నె పట్టదు, గరిటె పడుతుంది. కూర్చున్న వెంటనే పెట్టకండి, ధార మొదలయ్యాక రెండు లెక్కపెట్టి వెనక నుంచి కిందికి జరపండి. రెండు చెంచాలంత చాలు. మెడికల్ షాపులో దొరికే శాంపిల్ డబ్బాలో పోసి గంటలోపు ఇవ్వండి. ఆలస్యమవుతుందంటే ఫ్రిజ్‌లో పెట్టండి, ఆ డబ్బా మీద పేరు రాసి పెట్టండి, మా ఇంట్లో ఒకసారి... వద్దులెండి. ఇది మామూలు పరీక్షకు పనికొస్తుంది. కల్చర్, అంటే ఏ క్రిమి ఉందో పెంచి చూసే పరీక్ష, చేయాలంటే డాక్టరే సూదితో తీసుకుంటారు. మీ దగ్గర్లో డాక్టరు ఉంటే సరే, లేకపోతే నారాయణగూడలో ప్రభుత్వ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. ఇంట్లో మనుషులకు మిగిలిన యాంటీబయాటిక్ వేయడం, నొప్పికని పారాసెటమాల్, బ్రూఫెన్ లాంటివి ఇవ్వడం మాత్రం చేయకండి. మన నొప్పి మాత్రలు కుక్కలకు విషమవుతాయి.

రిపోర్టు మామూలుగా ఉందనుకుందాం. అప్పుడు ఒక నోటుబుక్కు పెట్టండి. ఫోన్‌లో కాదు, ఫ్రిజ్ మీద పెన్ను కట్టిన పుస్తకం. ఇంట్లో అందరూ రాయాలి, మూడు రోజులు చాలు. మొన్న వేసవిలో నా దగ్గరున్న పిల్లది ఒక పేజీ చూపిస్తాను:

"6:10 లేచింది, కింద పోసింది. 6:45 తిండి. 7:05 రెంటికి, కింద. 7:40 బంతాట. 7:55 కుర్చీ కింద ఉచ్చ, నేను ఫోన్‌లో. 9:30 నిద్ర. 10:50 లేచింది, బయట పోసింది. 11:20 నీళ్లు. 11:35 తలుపు దగ్గర ఉచ్చ, పాలవాడికి డబ్బులిస్తున్నా."

రెండుసార్లు తప్పు జరిగింది, రెండుసార్లూ పక్కన నేనేం చేస్తున్నానో రాసి ఉంది. ఆ గడి తప్పకుండా ఉంచండి, "అప్పుడు మనుషులు ఎక్కడున్నారు" అనే గడి. మీ ఇంట్లో ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా, టిఫిన్ డబ్బాలు, స్నానాలు, ఇస్త్రీ బట్టల హడావిడిలో ఎన్ని పడుతున్నాయో నాకు చూడకుండానే తెలుసు. మళ్లీ సాయంత్రం మీరు వచ్చాక మొదటి పది నిమిషాల్లో ఒకటి ఉంటుంది.

ఇప్పుడు మిమ్మల్ని బాగా విసిగిస్తున్న ముక్కకు వద్దాం, కింద పోయకుండా పైకొచ్చి పోయడం. ఇది మొండితనంలా కనిపిస్తుంది. మీరు దాని ఎత్తులో ఒకసారి ఊహించుకోండి. మియాపూర్‌లో సాయంత్రం ఆరున్నర. గేటు బయట బండ్లు, పార్కింగ్‌లో క్రికెట్ ఆడే పిల్లలు, వాచ్‌మన్ గారి కోళ్లు, గోడ అవతల వీధికుక్కలు, ఎవరో పారేసిన బిర్యానీ ఎముక. మూడున్నర నెలల పిల్లకు అక్కడ ఉచ్చ పోయాలని గుర్తుండదు. లోపల నిండి ఉన్నది, ఇంటికొచ్చి చుట్టూ నిశ్శబ్దమయ్యాక గుర్తొస్తుంది. పైగా మీరు రాసిన దాన్నిబట్టి చూస్తే అది పోయగానే "హమ్మయ్య" అని లిఫ్ట్ ఎక్కించేస్తున్నారు. పోస్తే సరదా అయిపోతుందని దానికి వారంలోనే అర్థమై ఉంటుంది. తెలివైన పిల్ల, ఆపుకుంటోంది.

అందుకని తిప్పడం మానేయండి. ఐదడుగుల బెల్టు వేసి, ఒకే చోటికి, రోజూ అదే చోటికి తీసుకెళ్లి చెట్టులా నిలబడండి. మాట్లాడొద్దు, ఫోన్ చూడొద్దు, నడవొద్దు. అది చుట్టూ తిరుగుతుంది, మీ చెప్పు కొరుకుతుంది, విసుగొస్తుంది, అప్పుడు నేల వాసన చూస్తుంది. కూర్చోగానే మెల్లగా ఒక మాట అనండి. మేము "సుస్సు" అంటాం, మీకు నచ్చింది మీరు పెట్టుకోండి, ఇంట్లో అందరూ ఒకటే అనాలి. అయిపోయిన మరుక్షణం, అక్కడే, జేబులోంచి తీసి ఉడికించిన చికెన్ ముక్క చిటికెన గోరంత పెట్టండి. ఇంటికొచ్చాక పెడితే లిఫ్ట్ దిగినందుకు పెట్టారనుకుంటుంది. ఆ తర్వాత పది నిమిషాలు తిప్పండి, ఆడించండి. ముందు పని, తర్వాత షికారు.

ఐదు నిమిషాల్లో పోయలేదా, పైకి తీసుకురండి, కానీ వదలకండి. బెల్టు తీయకుండా ఒళ్లో పెట్టుకోండి, లేదా మీ నడుముకు చున్నీతో కట్టుకోండి. పది పదిహేను నిమిషాలాగి మళ్లీ కిందికి. మొదటి రెండు రోజులు లిఫ్ట్‌మన్ ఉద్యోగం చేస్తున్నట్టే ఉంటుంది. మూడో రోజు నుంచి మొదటిసారే పోస్తుంది, నాకు తెలిసి తొమ్మిది పిల్లల్లో ఏడు అంతే. లిఫ్ట్ కోసం నిలబడేటప్పుడు దాన్ని ఎత్తుకోండి, చేతుల్లో ఉన్న పిల్ల సాధారణంగా ఆపుకుంటుంది. నేల మీద వదిలితే ఆ రెండు నిమిషాల్లోనే అయిపోతుంది. ఒక పాతగుడ్డ, నీళ్ల సీసా మీ దగ్గర ఉండాలి. లిఫ్ట్‌లో కుక్కను ఎక్కించొద్దని మీ సొసైటీ వాళ్లు అంటున్నారని రాశారు. అలా నిషేధించడం కుదరదని జంతు సంక్షేమ మండలి 2015లోనే సర్క్యులర్ ఇచ్చింది, ప్రింటు తీసి పెట్టుకోండి. గొడవకు మాత్రం దిగకండి, తుడిచే గుడ్డ చేతిలో కనిపిస్తే సగం నోళ్లు మూతపడతాయి.

కింద ఏ చోటు అన్నది కూడా ముఖ్యమే. లడ్డూకి ఇంకా 16 వారాలు నిండలేదు, అంటే ఆఖరి పార్వో టీకా పడి ఉండదు. పార్వో అంటే వాంతులు, విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే జబ్బు, దాని క్రిమి మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. వీధికుక్కలు తిరిగే గేటు బయటి మట్టి, మురికి కాలువ అంచు మానేసి, కాంపౌండు లోపల శుభ్రంగా ఉన్న మూల వెతకండి. కొండాపూర్‌లో కుక్కల పార్కు ఉందని ఎవరైనా చెబుతారు, ఉంది, బాగుంటుంది కూడా, టీకాలన్నీ అయ్యాక వెళ్లండి.

ఇక మీవారి సంగతి. ఆయన్ని తప్పుపట్టడం లేదు, మా నాన్నగారూ అదే చేసేవారు, ఆ కాలంలో అందరూ అదే చేసేవారు. నేనూ చేశాను. ఎనిమిదేళ్ల కిందట ఆషాఢంలో గుండు అని ఒక ఆడపిల్ల నా దగ్గరుండేది, నల్లటి వీధిపిల్ల, కాలువలో దొరికింది. నెల రోజులు చక్కగా గేటు బయట పోసి వచ్చేది. ఒక ఆదివారం నుంచి వరండా మెట్టు దిగనని మొరాయించింది, లోపలికొచ్చి హాల్లో పోసేది. నేను అరిచాను. ఒకసారి మెడ పట్టుకుని తీసుకెళ్లి దాన్నే చూపించి కొట్టాను కూడా. రెండు రోజుల తర్వాత హాలు శుభ్రంగా ఉంది. దారికొచ్చిందనుకుని సంతోషించాను. పది రోజులకు స్టోరు రూంలో వాసన మొదలైంది. బియ్యం డ్రమ్ము జరిపి చూద్దును కదా, వెనక గోడంతా మరక, సున్నం ఊడిపోయి ఉంది. నేను అటు తిరిగినప్పుడల్లా వెళ్లి అక్కడ పోస్తోంది. ఇంట్లో పోయకూడదని అది నేర్చుకోలేదు, ఈవిడ చూస్తుండగా పోయకూడదని నేర్చుకుంది. దాంతో బయట నా ముందు కూడా పోయడం మానేసింది. మీ లడ్డూ సోఫా వెనక్కి ఎందుకు వెళుతోందో, కింద మీవారు పక్కన ఉంటే ఎందుకు పోయడం లేదో ఇప్పుడు ఆలోచించండి.

అసలు గుండు ఎందుకు మెట్టు దిగలేదంటే, ఆ ఆదివారం మా వీధిలో బోనాలు. రాత్రి తొమ్మిదికి, సరిగ్గా దాన్ని బయటికి తీసుకెళ్లే వేళకు, గేటు ముందు డప్పులు, పోతురాజు, పటాకులు. నాకు పండుగ, దానికి భూకంపం. ఆ సంగతి నాకు తట్టడానికి మూడు వారాలు పట్టింది. మెట్టు మీద కూర్చుని, ఒక్కో అడుగుకు ఒక్కో ముక్క పెడుతూ గేటుదాకా తీసుకెళ్లడానికి ఇంకో రెండు వారాలు. మీరూ పది రోజుల కిందట కింద ఏమైనా జరిగిందేమో గుర్తుచేసుకోండి. బోర్ వేశారా, ట్రాన్స్‌ఫార్మర్ పేలిందా, పెద్ద కుక్క ఏదైనా మీదికొచ్చిందా. రేపు వినాయక చవితి మండపాల సౌండు, తర్వాత దీపావళి ఉన్నాయి. ఆ రోజుల్లో చప్పుడు మొదలవకముందే సాయంత్రం పని కానిచ్చుకుని రండి.

పోస్తుండగా కళ్లపడితే? చప్పట్లు ఒక్కటి కొట్టి, అరవకుండా ఎత్తుకుని తీసుకెళ్లండి, మిగతాది కింద పోస్తే ముక్క పెట్టండి. పోసేశాక చూస్తే చేయడానికేమీ లేదు, తుడవడం తప్ప. ఐదు నిమిషాల కిందటి పనికీ మీ అరుపుకూ దానికి లంకె అందదు. అది చెవులు వెనక్కి పెట్టి తల దించుకుంటే తప్పు తెలిసిందనుకుంటాం. మీ ముఖం చూసి భయపడుతోంది, అంతే.

తుడవడం అంటే గుర్తొచ్చింది, సగం ఇళ్లలో అసలు దొంగ ఫినాయిలే. మనకు వాసన పోతుంది, దానికి పోదు. దాని ముక్కుకు ఫినాయిల్ కింద పాత మరక వాసన అలాగే ఉంటుంది, అక్కడ వాసన ఉందంటే అది మరుగుదొడ్డి అన్నట్టే. పైగా ఘాటు ఫినాయిల్ తొక్కి కాళ్లు నాకితే కడుపులోకి పోతుంది, మంచిది కాదు. అద్దాలు తుడిచే మందుల్లో కొన్నిటిలో అమ్మోనియా ఉంటుంది, అది ఉచ్చ వాసనకు దగ్గర, పిలిచి పీట వేసినట్టే. బ్లీచింగ్ అసలు వద్దు, ఉచ్చతో కలిస్తే వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకు చెడ్డది.

ముందు పాత గుడ్డతో అద్ది పీల్చేయండి, రుద్దకండి. తర్వాత పెంపుడు జంతువుల మరకలకని అమ్మే ఎంజైమ్ ద్రావణం పోసి, సీసా మీద రాసినంతసేపు తడిగా ఉంచండి. అది వెంటనే తుడిచేస్తే పనిచేయదు, ఎంజైములకు టైమ్ కావాలి. అది లేకపోతే ప్యాకెట్ మీద ఎంజైములున్నాయని రాసిన బట్టల పౌడరు కలిపిన నీళ్లు, ఆ తర్వాత రెండుసార్లు మంచినీళ్లు. యూట్యూబ్‌లో అందరూ వెనిగర్ అంటారు. సిరామిక్ టైల్స్ మీద ఫర్వాలేదు. మా ఇంట్లోలా షాబాదు బండలు ఉన్నవాళ్లు, మార్బుల్ ఉన్నవాళ్లు వెనిగర్, నిమ్మకాయ, యాసిడ్ ముట్టుకోకండి. షాబాదు సున్నపురాయి, పులుపు దాన్ని తినేస్తుంది, గరుకు తేలుతుంది, తర్వాత ఉచ్చ ఇంకా లోపలికి ఇంకుతుంది. మా హాల్లో బండకు అలా ఒక తెల్లమచ్చ ఉంది, వచ్చినవాళ్లంతా ముగ్గు పిండి పడిందా అని అడుగుతారు. పాత మరకలు ఎక్కడున్నాయో తెలియాలంటే దొంగనోట్లు చూసే ఊదారంగు టార్చి కొనండి. రాత్రి లైట్లన్నీ ఆపి వేస్తే పాత మరకలు పసుపుపచ్చగా మెరుస్తాయి. గుండె దిటవు చేసుకుని వేయండి.

డోర్‌మ్యాట్లన్నీ రెండు నెలలు అటక మీద పడేయండి. చిన్నప్పుడు కాలికింద ఏది తగిలితే దాని మీద పోయడం అలవాటైందో కుక్కకు అదే ఇష్టంగా ఉండిపోతుంది, అదీ ఏడెనిమిది వారాల వయసు నుంచే పడిపోతుంది. మొదటి రెండు వారాలు ఉచ్చ పీల్చే ప్యాడ్లు పరిచానని రాశారు. ప్యాడ్‌కూ బాత్రూం ముందు మెత్తటి మ్యాట్‌కూ దాని పాదానికి తేడా తెలియదు. మేము ఒకప్పుడు పేపర్లు పరిచేవాళ్లం. మా మామగారు కింద కూర్చుని పేపరు పరుచుకుని చదివే మనిషి. ఇంకేం చెప్పను.

ఐదో అంతస్తు, ఆఫీసులు, మోకాళ్ల నొప్పులున్న అత్తగారు, ఇప్పుడు వాన. ఇన్నిటి మధ్య కిందికే తీసుకెళ్లాలని పట్టుబడితే ఓడిపోతారు. బాల్కనీలో ఒక గడ్డి ట్రే పెట్టండి. రెండడుగులు వెడల్పు, మూడడుగుల పొడవు ప్లాస్టిక్ ట్రే, నర్సరీలో చాపల్లా అమ్మే లాన్ గడ్డి ముక్క. ప్లాస్టిక్ గడ్డి వద్దు, వాసన పట్టేస్తుంది. కింద నుంచి దాని ఉచ్చ తడిసిన మట్టి గుప్పెడు తెచ్చి దాని మీద చల్లండి, అర్థమవుతుంది. కిందా గడ్డే, పైనా గడ్డే, పాదానికి ఒకటే గుర్తు. రెండు వారాలకోసారి గడ్డి మార్చాలి, ఖర్చే, కానీ పరుపు ఉతికించడం కంటే తక్కువ. ఉదయం పదకొండు గంటలకు అత్తగారు తలుపు తీసి అక్కడికి వదిలితే చాలు. ఆవిణ్ణి శత్రువర్గంలో వేయకండమ్మా. రోజంతా ఇంట్లో ఉండి చూసేది ఆవిడే. నోటుబుక్కు ఆవిడ చేతిలో పెట్టండి, ముక్క పెట్టే డబ్బా కూడా ఆవిడ దగ్గరే ఉంచండి. శాకాహారులైతే పనీర్ ముక్క, చిలగడదుంప ముక్క పనికొస్తాయి. పూజగదికి చిన్నపిల్లల గేటు ఒకటి బిగించండి, ఆవిడ సగం కోపం ఆ గేటుతోనే పోతుంది.

మీరు లేనప్పుడు ఇల్లంతా వదలకండి. వంటింటి పక్కన కంచెలా కట్టి, లోపల పక్కబట్ట, నీళ్లు, నమిలే బొమ్మ పెట్టి, బాల్కనీ వైపు దారి ఉంచండి. బోను అయితే పగలు రెండు మూడు గంటలకు మించకూడదు. ఆపుకోలేక బోనులోనే పోసుకుని అందులో పడుకోవడం అలవాటైతే శుభ్రం అనే స్వభావమే చచ్చిపోతుంది, షాపు బోనుల్లో పెరిగిన పిల్లలతో వచ్చే కష్టం అదే.

తిండి వేళలు మార్చకండి. ఈ వయసుకు మూడుపూటలు, గిన్నె పావుగంట ఉంచి తీసేయాలి. తిన్నాక అయిదు నుంచి ముప్పై నిమిషాల్లో రెంటికి వస్తుంది, కడుపులో తిండి పడగానే పేగులు కదులుతాయి కాబట్టి. పాలు ఆపేయండి. చాలా పిల్లలకు పాలు అరగవు, విరేచనాలవుతాయి, అవి ఆపుకోవడం ఎవరి తరమూ కాదు. నులిపురుగుల మందు ఆరునెలల దాకా నెలనెలా పడుతోందో లేదో చూసుకోండి. రాత్రి పడుకునే గంట ముందు నీళ్ల గిన్నె తీయొచ్చు, ఎండాకాలం అదీ వద్దు. రాత్రి పదింటికి ఒకసారి తీసుకెళ్లండి, తెల్లవారుజామున రెండున్నరకు అలారం పెట్టి ఇంకోసారి. ఆ రెండున్నర ట్రిప్పులో లైటు వేయకండి, ముద్దు చేయకండి, లేకపోతే రోజూ ఆడుకోవడానికి లేపుతుంది. పొడిగా ఉంటున్నకొద్దీ అలారం పావుగంట చొప్పున ఆలస్యం చేస్తూ పోండి.

సాయంత్రం మీరు తలుపు తీయగానే తోకాడిస్తూ కాళ్ల దగ్గర పోసేది వేరే రకం, దాన్ని ఈ లెక్కలో వేయకండి. సంతోషం పట్టలేక వచ్చేది అది. మీవారు మీదికి వంగితే వెల్లకిలా పడి పోసేదీ అంతే, "నన్నేమీ చేయకు" అని చెప్పడం. తిడితే ఇంకా పోస్తుంది. లోపలికి రాగానే దానివైపు చూడకుండా చెప్పులు విప్పి, బ్యాగు పెట్టి, అది చల్లబడ్డాక కింద కూర్చుని పలకరించండి. పెద్దదవుతుంటే ఇది దానంతటదే తగ్గిపోతుంది.

ఇవన్నీ మొదలుపెట్టాక వారంలో తేడా కనిపించాలి, మూడు వారాల్లో ఇంట్లో పడటం బాగా తగ్గాలి. ఆరు నెలలకు చాలా పిల్లలు స్థిరపడతాయి, అప్పటిదాకా నెలకొకటి రెండు తప్పులుంటాయి. రెండు వారాలు పొడిగా గడిచాక ఒక గది చొప్పున ఇల్లు తెరవండి, ఒకేసారి కాదు. పోయినసారి పొరపాటు అక్కడే జరిగింది, నాలుగు వారాలు బాగుందని అన్ని తలుపులూ ఒకేరోజు తెరిచారు, మీరూ అదే రోజు ఆఫీసుకెళ్లారు. ఆరు నెలలు దాటాక, మొదటిసారి ఎదకు వచ్చే ముందు మాటిమాటికీ పోయొచ్చు, అప్పుడు కంగారుపడి మళ్లీ ముక్కు రాయకండి.

మూత్రం రిపోర్టు, నోటుబుక్కు మూడు పేజీలు ఫొటో తీసి పెట్టండి, చూసి చెబుతాను. ఆ గరిటెకు కాడ మీద ఎర్రదారం కట్టి వేరే పెట్టండి, అత్తగారికి ముందే చెప్పండి.